పంటి వేరు దాకా చూసిన మహనీయుడు డాక్టర్ మిల్లర్



మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవిత చరిత్రలు వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి మీద, ఫూలే దంపతుల మీద, జాషువా గారి మీద మన మిత్రులు ఎన్నోసార్లు చక్కగా రాశారు. ఈసారి మా బ్యాచ్ వాళ్లం నలుగురం కూర్చుని, మన పాఠ్యపుస్తకాల్లో కనపడని ఒక పెద్దాయన గురించి రాద్దామనుకున్నాం. ఆయన పేరు డాక్టర్ విల్లోబీ డేటన్ మిల్లర్. దంతవైద్యం చదివేవారికి ఆయన పేరు కొత్త కాదు. పన్ను ఎందుకు పుచ్చుతుందో, పుచ్చిన పంటి లోపల ఏం జరుగుతుందో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి లోకానికి చెప్పిన తొలి తరం శాస్త్రజ్ఞుల్లో ఆయన ముఖ్యులు.

పళ్ల డాక్టరు గురించి మన సంచికలో ఎందుకని మీకు అనిపించవచ్చు. దానికి కారణం మా గదిలో జరిగిన ఒక సంగతి. ముందు అది చెప్పి, తర్వాత ఆయన జీవితంలోకి వెళతాం.

మా గదిలో జరిగింది

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు మాలో ఒకడికి కింది దవడ పన్ను పుచ్చింది. మొదట్లో చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది. తర్వాత రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. లవంగం పెట్టాం, ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాం. ఒకరోజు ఉన్నట్టుండి నొప్పి పోయింది. తగ్గిపోయిందని అందరం సంతోషించాం. కానీ నొప్పి పోయింది జబ్బు తగ్గి కాదు, పన్ను లోపలి నరం చచ్చిపోయి అని మాకప్పుడు తెలియదు. రెండు నెలలకు ఆ పంటి దగ్గర చిగురు మీద చిన్న చీము పొక్కు లేచింది. మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చి వేశాం. నాలుగు రోజుల్లో పొక్కు అణిగింది. నెల తిరక్కుండానే మళ్లీ లేచింది. మళ్లీ బిళ్లలు తెచ్చాం. అలా మూడుసార్లయింది.

సరిగ్గా ప్రీ-ఫైనల్ పరీక్షల ముందు దవడ వాచిపోయింది. నోరు తెరవలేడు, అన్నం నమలలేడు. ట్రంకు పెట్టె తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఊళ్లో పంటిలో పురుగు ఉందని చెప్పి వాకుడు గింజల పొగ పట్టించారు. పొగకు పురుగూ రాలేదు, నొప్పీ పోలేదు. చివరికి పన్ను పీకించుకుని తిరిగి వచ్చాడు. పదిహేనేళ్ల వయసుకే గట్టి దవడ పన్ను పోయింది. లెక్కల పరీక్ష కూడా పోయింది.

చాలా ఏళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమావేశానికి, మన హాస్టల్లోనే చదివి బి.డి.ఎస్. చేసిన సీనియర్ అన్న ఒకరు వచ్చారు. భోజనాల దగ్గర ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటుంటే అన్న మాత్రం నవ్వలేదు. బహుశా ఆ పన్ను పీకవలసిన అవసరమే ఉండేది కాదని, వేరు లోపల శుభ్రం చేసి మూసి ఉంటే నిలిచేదని అన్నారు. మూడుసార్లు బిళ్లలు వేసినా ఎందుకు తిరగబెట్టిందో తెలుసుకోవాలంటే మిల్లర్ గారి గురించి చదవమన్నారు. చదివాం. చదివినది మీతో పంచుకుంటున్నాం.

పల్లె నుంచి బెర్లిన్ దాకా

మిల్లర్ 1853 ఆగస్టు 1న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా అనే చిన్న ఊరి దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు న్యూఆర్క్ అనే పట్టణంలో సాగింది. ఆయనకు పన్నెండేళ్లున్నప్పుడు, 1865లో, అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. మన ఫూలే గారు 1873లో గులాంగిరి రాసి, బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు దానిని అంకితం చేశారని మనం చదువుకున్నాం. ఆ తర్వాత రెండేళ్లకు, 1875లో, మిల్లర్ మిచిగాన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేశారు. ఆయన ఏ కాలం మనిషో గుర్తుండడానికి ఈ సంగతి చెప్పాం.

అప్పటికి ఆయన దంతవైద్య విద్యార్థి కారు. పై చదువుల కోసం సముద్రం దాటి స్కాట్లండ్‌లోని ఎడింబరో నగరానికి వెళ్లారు. అక్కడ డబ్బు ఇబ్బందులు వచ్చిపడ్డాయి. చదువు మధ్యలో ఆగింది. అక్కడి నుంచి జర్మనీ రాజధాని బెర్లిన్ చేరారు. కొత్త దేశం, తనది కాని భాష. ఆ స్థితిలో ఆయనను ఆదుకున్నది ఫ్రాంక్ అబ్బట్ అనే డాక్టరు. ఆయన కూడా అమెరికా వారే, బెర్లిన్‌లో దంతవైద్యం చేసేవారు. పరాయి ఊళ్లో చదువు ఆగిపోయే వేళ ఒక మనిషి చేయి అందించడం అంటే ఏమిటో హాస్టల్లో చదివిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అబ్బట్ గారి సహవాసంలో మిల్లర్‌కు దంతవైద్యం మీద మనసు పడింది. అది ఆ రోజుల్లో గొప్ప గౌరవం ఉన్న వృత్తి కాదు. యూరప్‌లో చాలాకాలం పళ్లు పీకే పని క్షురకులు చేశారు, సంతల్లో తిరిగేవాళ్లు చేశారు. పెద్ద పెద్ద వైద్యులు దానిని తమ పని అనుకోలేదు. చేతిపనిని తక్కువగా చూసే గుణం ఒక్క మన దేశానిదే కాదన్నమాట. మిల్లర్ ఆ లెక్కలు చూసుకోలేదు. అమెరికా తిరిగి వెళ్లి, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన దంతవైద్య విభాగంలో చేరి, 1879లో మొట్టమొదటి బ్యాచ్‌లో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడు అబ్బట్ గారి కుమార్తె కరోలిన్‌ను వివాహం చేసుకుని బెర్లిన్‌లోనే వైద్యం మొదలుపెట్టారు.

కాక్ గారి ప్రయోగశాల

అదృష్టవశాత్తు ఆ సమయానికి బెర్లిన్‌లో సైన్సు చరిత్రనే మార్చిన పనులు జరుగుతున్నాయి. రాబర్ట్ కాక్ 1882లో క్షయ వ్యాధికి కారణమైన బాక్టీరియాను కనిపెట్టారు. బాక్టీరియాకు రంగు ఎక్కించి సూక్ష్మదర్శినిలో చూడడం, ఒక్కో రకాన్ని వేరుచేసి పెంచడం వంటి పద్ధతులను ఆయన ప్రయోగశాలలో తీర్చిదిద్దారు. మిల్లర్ ఆ ప్రయోగశాలలో పని నేర్చుకున్నారు. ఆ పద్ధతులను నోటికి అన్వయించారు. మొదటి నోటి బాక్టీరియా శాస్త్రజ్ఞుడు ఆయనేనని చెబుతారు.

పంటిని పురుగు తింటుందనే నమ్మకం మన ఊళ్లదే కాదు. ప్రాచీన బాబిలోనియా నుంచి యూరప్ దాకా వేల ఏళ్లు ఉన్న నమ్మకమే. ఫ్రాన్సు దంతవైద్యుడు పియర్ ఫొషార్ 1728లోనే తన పుస్తకంలో పురుగు మాటను కాదన్నారు. పురుగు కాకపోతే మరి పన్నును తినేది ఏమిటి? దానికి మిల్లర్ చేసిన ప్రయోగాలు మన హైస్కూలు ల్యాబులో కూడా అర్థం చేసుకోదగినంత తేలికైనవి.

పీకిన పన్నును గాజు గొట్టంలో వేసి, అందులో రొట్టె, లాలాజలం కలిపి వెచ్చగా ఉంచారు. కొన్నాళ్లకు పంటి గట్టిదనం కరిగింది. మరో గొట్టంలో రొట్టెకు బదులు మాంసం వేశారు. పన్ను కరగలేదు. మూడో గొట్టంలో రొట్టె, లాలాజలం కలిపి మరిగించి ఉంచారు. అప్పుడూ కరగలేదు. అంటే పన్నును కరిగించినది రొట్టె కాదు, లాలాజలం కాదు. లాలాజలంలో ఉన్న ప్రాణులు రొట్టెలోని పిండి పదార్థాన్ని ఆమ్లంగా మార్చాయి, ఆ ఆమ్లం పన్నును కరిగించింది. మరిగిస్తే ఆ ప్రాణులు చచ్చాయి కాబట్టి పన్ను నిలిచింది. మూడు గొట్టాలతో వేల ఏళ్ల పురుగు కథకు ఆయన జవాబు చెప్పారు.

1884లో బెర్లిన్ విశ్వవిద్యాలయం దంతవైద్య సంస్థను ప్రారంభించి మిల్లర్‌ను ప్రొఫెసరుగా నియమించింది. విదేశీయుడికి అటువంటి పదవి ఇవ్వడం అప్పట్లో అరుదైన సంగతి. ఉద్యోగం వచ్చిందని ఆయన చదువు ఆపలేదు. పాఠాలు చెబుతూనే 1887లో అక్కడే వైద్య పట్టా కూడా పొందారు. నోటిలోని సూక్ష్మజీవుల మీద తన పెద్ద పుస్తకాన్ని 1889లో జర్మన్ భాషలో, 1890లో ఇంగ్లీషులో వెలువరించారు. జర్మన్ ఆయన తల్లిభాష కాదు. ఇంగ్లీషు మీడియం అంటే భయపడి వెనక్కి తగ్గే తమ్ముళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలని మా కోరిక.

ఆయన చెప్పినదంతా చివరిమాట కాదు. ఆమ్లం తయారు చేసే బాక్టీరియా ఏదైనా పన్నును పాడు చేయగలదని ఆయన అనుకున్నారు. పంటికి అంటిపెట్టుకుని ఉండే పాచి పొరకు ఎంత ప్రాముఖ్యం ఉందో తర్వాతి వారు చూపించారు. పుచ్చుకు ముఖ్య కారకాల్లో ఒకటైన ఒక ప్రత్యేక రకం బాక్టీరియాను 1924లో ఇంగ్లండులో క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు గుర్తించారు. అయినా పునాది రాయి మిల్లర్‌దే.

పంటి గుజ్జు లోపలికి

ఇక మా మిత్రుడి పంటి దగ్గరికి వద్దాం. పన్ను బయటకు రాయిలా కనిపించినా లోపల ఖాళీ గది ఉంటుంది. అందులో నరాలు, రక్తనాళాలు కలిసిన మెత్తని గుజ్జు ఉంటుంది. ఆ గుజ్జు వేరులోని సన్నని కాలువ గుండా దిగి, వేరు కొన దగ్గర ఉన్న సూది మొనంత రంధ్రం ద్వారా దవడ ఎముకలోని రక్తంతో కలుస్తుంది. పుచ్చు లోతుకు దిగితే బాక్టీరియా ఆ గదిలోకి చేరుతుంది. గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు కావడంతో వాయడానికి చోటు ఉండదు. అందుకే అంత నొప్పి. చివరికి గుజ్జు చచ్చిపోతుంది. నొప్పి ఆగుతుంది. కానీ బాక్టీరియా వేరు కాలువలో కాపురం పెట్టి, వేరు కొన నుంచి ఎముకలోకి విషాలు వదులుతుంది. అక్కడ ఎముక కరిగి చీము చేరుతుంది. ఆ చీము దారి చేసుకుని బయటకు వచ్చిన చోటే చిగురు మీది పొక్కు.

మిల్లర్ 1894లో ఈ చచ్చిన గుజ్జు మీద తన పరిశోధనను ప్రకటించారు. చెడిపోయిన పళ్లలోని గుజ్జును గాజు పలక మీద పూసి, రంగు ఎక్కించి చూశారు. గుండ్రటివి, కడ్డీల వంటివి, మెలికలు తిరిగినవి, మూడు ఆకారాల బాక్టీరియా కనిపించాయి. పంటి పైభాగంలో ఉన్నవీ, నడిమి భాగంలో ఉన్నవీ, వేరు కొనలో ఉన్నవీ ఒకే తీరుగా లేవని గమనించారు. మరో చిత్రమైన సంగతి కూడా గుర్తించారు. సూక్ష్మదర్శినిలో కనిపించిన వాటిలో చాలా రకాలు ప్రయోగశాలలో పెంచుదామంటే పెరగలేదు. కళ్ల ముందు ఉన్నాయి, పట్టుకుందామంటే దొరకవు. అవి ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నకు ఆయన జీవితకాలంలో జవాబు రాలేదు.

అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు. రాంట్‌జెన్ దానిని కనుగొన్నది 1895లో. పంటి వేరు కొనలో ఏముందో బయట నుంచి చూసే దారి లేని రోజుల్లో ఆయన వేరు లోపలి ప్రపంచాన్ని లోకం ముందు పెట్టారు.

ఆయన చెప్పిన రెండు మాటలు

అంతకు మూడేళ్ల ముందు, 1891లో, మిల్లర్ మరొక ముఖ్యమైన వ్యాసం రాశారు. నోటిలోని బాక్టీరియా నోటితో ఆగదని, శరీరంలోని ఇతర భాగాల జబ్బులకు కూడా అది మూలం కాగలదని అందులో వివరించారు. పంటి చీము మెడలోకి, ఛాతీలోకి, మెదడు దాకా పాకి ప్రాణం తీసే సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఇది మొదటి మాట.

రెండో మాట, దానికి ఏం చేయాలన్నది. అటువంటి పన్నును పీకి పారేయమని ఆయన చెప్పలేదు. వేరు కాలువను శుభ్రం చేసి, మందుపెట్టి, గట్టిగా మూసి పన్నును నిలపడమే మార్గమని చెప్పారు. జబ్బు ఉన్న చోటుకు వెళ్లి జబ్బును తీసేయాలి, పన్నును ఉంచాలి. ఈ రెండు మాటలూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది.

చివరి రోజులు

1904లో మిల్లర్ ప్రపంచ దంతవైద్య సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. బెర్లిన్‌లో పేరు, గౌరవం, శిష్యులు అన్నీ ఉన్నాయి. అయినా స్వదేశం పిలిచింది. తాను డిగ్రీ చదివిన మిచిగాన్ విశ్వవిద్యాలయంలోనే దంతవైద్య కళాశాలకు డీన్‌గా రమ్మని ఆహ్వానం వచ్చింది. 1907లో అమెరికా తిరిగి వచ్చారు. చిన్నప్పుడు చదువుకున్న న్యూఆర్క్ పట్టణంలో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ చేశారు కానీ బతకలేదు. 1907 జులై 27న కన్నుమూశారు. మరో అయిదు రోజుల్లో ఆయనకు 54 ఏళ్లు నిండేవి.

శరీరంలో ఒక మూల చేరిన సూక్ష్మజీవి మనిషిని ఏం చేస్తుందో జీవితమంతా చెప్పిన మనిషి, అటువంటి జబ్బుతోనే పోయారు. పెన్సిలిన్ రావడానికి ఇంకా చాలా ఏళ్లుంది. తాను చదివిన చోట పిల్లలకు పాఠాలు చెప్పాలన్న కోరిక తీరలేదు.

సగం పాఠం చేసిన అనర్థం

ఆయన పోయాక జరిగిన కథ ఆయన జీవితం కంటే ఎక్కువ ఆలోచింపజేసింది మమ్మల్ని. 1910లో ఇంగ్లండు వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో ఒక ప్రసంగం చేశారు. కుళ్లిన వేర్ల మీద బంగారు తొడుగులు వేసి పైకి అందంగా కనిపించేలా చేస్తున్నారని, లోపలి చీము రోగాలకు మూలమవుతోందని విమర్శించారు. ఆ విమర్శలో నిజం ఉంది. శుభ్రం చేయకుండా మూసిన పళ్లు ఆ రోజుల్లో చాలానే ఉండేవి. కానీ తర్వాత వచ్చినవారు దానిని ఎక్కడికో తీసుకుపోయారు. కీళ్లనొప్పికి, గుండెజబ్బుకు, కడుపు జబ్బుకు, చివరికి మతిభ్రమణానికి కూడా పళ్లే కారణమని నమ్మారు. బాగున్న పళ్లను కూడా వరసగా పీకేశారు. అమెరికాలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు పిచ్చి కుదురుతుందని చెప్పి రోగుల పళ్లు పీకించారు. అక్కడితో ఆగకుండా లోపలి అవయవాలు కూడా కోయించారు. ఆ ఆపరేషన్లలో ఎందరో చనిపోయారు. మాట చెల్లని మనుషులు, కాదనలేని మనుషులు. అటువంటి వారి మీదే ఇటువంటి ప్రయోగాలు జరుగుతాయన్నది మనకు కొత్త సంగతి కాదు.

మిల్లర్ మొదటి మాటను లోకం పట్టుకుంది. రెండో మాటను వదిలేసింది. పళ్లు పీకినా కీళ్లనొప్పులు తగ్గడం లేదని వైద్యులు లెక్కలు తీసి చూపించేసరికి 1930ల చివర, 1940ల మొదలు వచ్చింది. అప్పటికి ఎన్ని నోళ్లు బోసిపోయాయో చెప్పలేం. 1943లో అమెరికాలో వేరు వైద్యం చేసేవారి సంఘం ఏర్పడింది. పన్నును నిలిపే వైద్యం మళ్లీ నిలదొక్కుకుంది.

ప్రశ్నకు జవాబు దొరికింది

1965లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. మామూలు ఎలుకల పళ్లకు గుజ్జు దాకా రంధ్రం చేస్తే గుజ్జు చచ్చి చీము పట్టింది. పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు అదే రంధ్రం చేస్తే, అన్నం మెతుకులు ఇరుక్కున్నా సరే, గుజ్జు బతికి, గాయం మీద కొత్త గట్టి పొర కట్టింది. దోషం రంధ్రానిది కాదు, సూక్ష్మజీవిదని తేలిపోయింది.

1976లో స్వీడన్‌లో సుండ్‌క్విస్ట్ అనే పరిశోధకుడు, గాలి తగలకుండా బాక్టీరియాను పెంచే పద్ధతితో చచ్చిన గుజ్జును పరీక్షించారు. దొరికిన వాటిలో నూటికి తొంభైకి పైగా ఆక్సిజన్ పడని రకాలే. మిల్లర్ చూసిన వాటిలో చాలా రకాలు ఎందుకు పెరగలేదో అప్పుడు అర్థమైంది. గాలి తగిలితే అవి బతకవు. 82 ఏళ్లకు ఆయన ప్రశ్నకు జవాబు వచ్చింది.

మరి బిళ్లలు వేస్తే ఎందుకు పోవు? సీనియర్ అన్న మాకు మన హాస్టల్ వాటర్ ట్యాంకుతో పోల్చి చెప్పారు. ట్యాంకులో పావురం పడి చచ్చిపోతే కుళాయి దగ్గర బకెట్లో బ్లీచింగ్ కలుపుకుంటే ఏం లాభం? ఆ పూటకు వాసన తగ్గుతుంది, అంతే. ఎవరో ఒకరు పైకెక్కి పావురాన్ని తీసి ట్యాంకు కడగాలి. మనం మింగిన బిళ్ల రక్తంలో కలిసి తిరుగుతుంది. చచ్చిన గుజ్జులోకి రక్తం వెళ్లదు. కాబట్టి మందు వేరు బయటి వాపును కొంత తగ్గించగలదు కానీ లోపలి స్థావరాన్ని చేరలేదు. మందు ఆపగానే మళ్లీ మొదలు. పైగా ఇష్టం వచ్చినట్టు బిళ్లలు మింగితే బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది.

రూట్ కెనాల్ వైద్యం అంటే ఆ ట్యాంకు కడగడమే. పంటికి మత్తు ఇచ్చి, ఉమ్ము లోపలికి పోకుండా పంటి చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, పైన రంధ్రం చేస్తారు. సన్నని ఆకురాళ్ల వంటి పరికరాలతో కాలువలను గీకుతారు. బట్టల బ్లీచులో ఉండే సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడుగుతారు. అవసరమైతే సున్నం జాతికి చెందిన కాల్షియం హైడ్రాక్సైడ్ మందును కొద్దిరోజులు లోపల ఉంచుతారు. తర్వాత గట్టా పర్చా అనే చెట్టు బంకతో కాలువలు నింపి, పైన గట్టిగా మూసి, తొడుగు వేస్తారు.

ఇంత చేసినా కొన్నిసార్లు జబ్బు మొండికేస్తుంది. ఒక కాలువ కనపడకుండా మిగిలిపోవచ్చు. పై మూత కారి ఉమ్ము దిగవచ్చు. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా తిండి లేకపోయినా, కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టినా ఓర్చుకుని బతకగలదు. అటువంటప్పుడు కాలువలు మళ్లీ తెరిచి శుభ్రం చేస్తారు. దానికీ లొంగకపోతే చిగురు వైపు నుంచి కోసి వేరు కొనను తీసి మూస్తారు. ఏదీ కుదరకపోతేనే పీకడం. పీకడం చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు.

ఈ కథలో మన తెలుగువారి పాత్ర కూడా కొంత ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. అక్కడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. అదే ఏడు సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబంలోనే తర్వాత వచ్చిన ఒక మందును కలిపి, వేరు కాలువలో పెట్టే లెడర్‌మిక్స్ అనే ముద్దను 1960ల మొదట్లో యూరప్‌లో తయారు చేశారు. ఆ ముద్ద కూడా కాలువ శుభ్రం చేశాక వాడేదే కానీ శుభ్రతకు బదులు కాదు.

మన వంతు

తమ్ముళ్లూ, ఈ వ్యాసం చదివి మీరంతా పళ్ల డాక్టర్లు కావాలని మేము అనడం లేదు. అయితే మరీ సంతోషం. కానీ కొన్ని సంగతులు మనసులో పెట్టుకోండి. పంటికి చల్లనీళ్లు తగిలి జివ్వుమన్నప్పుడే చూపించుకోండి. ఆ దశలో చిన్న సిమెంటుతో పోతుంది. నొప్పి దానంతట అది ఆగిపోతే సంబరపడకండి. చిగురు మీద పొక్కు వచ్చి పోతుంటే దాని మూలం వేరులో ఉందని గుర్తించండి. బిళ్లలు షాపులో అడిగి వేసుకోకండి. దవడ కింద, మెడలోకి వాపు దిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా అర్ధరాత్రయినా సరే వార్డెన్ సారును లేపి ఆసుపత్రికి వెళ్లండి. అది ప్రాణం మీదికి వచ్చే లక్షణం.

హైదరాబాద్, విజయవాడ, కడప నగరాల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. పన్ను పీకించుకోవడమే పేదవాడి వైద్యం అని ఎవరైనా అంటే నమ్మకండి. నిలిపే వీలుందా అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క మాట అడగడం మాకు తెలియకే మా మిత్రుడు పన్ను పోగొట్టుకున్నాడు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఈ వ్యాసం రాసిన నలుగురిలో వాడూ ఒకడు. కానీ అన్నం తినేటప్పుడు ఇప్పటికీ ఒక పక్కే నములుతాడు.

మిల్లర్ గారి పేరు మీద ప్రపంచ దంతవైద్య సమాఖ్య ఒక బహుమతి నెలకొల్పింది. ఆయన జీవితం నుంచి మేము నేర్చుకున్నది మాత్రం చిన్న సంగతే. పైకి కనిపించే పొక్కుతో సరిపెట్టుకోకుండా వేరు దాకా వెళ్లి చూడాలి. చూసినది పూర్తిగా చదవాలి, పూర్తిగా చెప్పాలి. సగం చదివిన పాఠం పరీక్షలో మార్కులు పోగొడుతుంది, జీవితంలో పళ్లు పోగొడుతుంది.

ఈ రాత్రి పడుకునే ముందు అందరూ పళ్లు తోముకుని పడుకోండి. వచ్చే వార్షికోత్సవంలో నిండు నవ్వులతో కలుసుకుందాం.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు